పైలట్ చేతికి ఏ బ్యాగ్? మూడు నాలుగు రోజుల ట్రిప్‌కి ఎంపిక, సర్దుకునే పద్ధతి

కొత్తగా లైన్‌లోకి వచ్చిన ఫస్ట్ ఆఫీసర్లు (కో-పైలట్లు) తరచూ అడిగే ప్రశ్న ఇది: "సర్, ఏ బ్యాగ్ కొనమంటారు?" ట్రైనింగ్ నడిచినన్నాళ్లూ కాలేజీ నాటి బ్యాక్‌ప్యాక్‌తో గడిచిపోతుంది. మొదటి రోస్టర్ (డ్యూటీల పట్టిక) చేతికొచ్చి అందులో వరసగా మూడు నైట్ హాల్ట్‌లు, అంటే వేరే ఊళ్లో రాత్రి బసలు, కనిపించగానే షాపుకు పరుగు. అక్కడ చూపించేవన్నీ ఏడాదికి రెండు మూడుసార్లు ఊరెళ్లే కుటుంబాల కోసం తయారైన ట్రాలీలు. మన బ్యాగ్ నెలలో సగం రోజులు ఇల్లు వదిలే ఉంటుంది. తెల్లవారుజామున వ్యాన్‌లో పడుతుంది, సెక్యూరిటీ మెషీన్‌లోంచి బయటికొస్తుంది, ఏప్రన్ (విమానాలు నిలిపే చోటు) మీద ఈడ్చుకుపోతాం, మెట్లెక్కిస్తాం, మధ్యాహ్నానికి ఇంకో ఊళ్లో ఇదంతా మళ్లీ మొదలు. ఏడాది తిరిగేసరికి మామూలు ప్రయాణికుడి సూట్‌కేసు జీవితకాలంలో చూసే అరుగుదల మొత్తం చూసేస్తుంది.

ఈ సలహా ముఖ్యంగా మన దేశంలో ఎ320, 737 జెట్‌లు, ఏటీఆర్ అనే చిన్న టర్బోప్రాప్ (ప్రొపెల్లర్) విమానాలు నడిపేవాళ్ల కోసం. 777, 787 మీద దూరదేశాలు వెళ్లేవాళ్ల లెక్క కొంత వేరు కాబట్టి వాళ్ల సంగతి విడిగా రాశాను. అమెరికాలో రీజనల్ ఎయిర్‌లైన్స్‌లో ఎగురుతున్న మన తెలుగువాళ్లకీ చాలావరకు పనికొస్తుంది.

నా ఓటు దేనికో ముందే చెబుతాను. నారో బాడీ (ఎ320, 737 లాంటి ఒకే నడవ ఉన్న విమానాలు) మీద మూడు నాలుగు రోజుల ట్రిప్‌లు చేసేవాళ్లకి రెండు చక్రాల గుడ్డ ట్రాలీ, దానికి తగిలించుకునే చిన్న ఫ్లైట్ బ్యాగ్. ఈ జత అందరికీ సరిపోదు. ఎవరికి ఎందుకు సరిపోదో కూడా రాస్తాను.

## కొనేముందు చూసుకోవాల్సినవి

బ్యాగ్ ఎక్కడ ఉంటుంది? అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇదే. చాలామంది ఎన్ని లీటర్లు పడుతుందని చూస్తారు, ఎక్కడ పెడతామన్నది చూడరు. ఎ320లో సీటుకీ పక్క గోడకీ మధ్య, కిటికీ వైపు, చిన్న బ్యాగ్ దిగే చోటుంటుంది. కాగితాల చార్టుల (దారి పటాల) కాలంలో బరువైన ఫ్లైట్ కేసు కూర్చున్న చోటు అదే. ట్రాలీకి కాక్‌పిట్ వెనక భాగంలో కొంత జాగా దొరుకుతుంది. జంప్‌సీట్‌లో (కాక్‌పిట్‌లోని అదనపు సీటులో) చెక్ పైలటో అబ్జర్వరో కూర్చున్న రోజు ఆ జాగా కూడా ఇరుకే. అప్పుడు ట్రాలీ క్యాబిన్‌లోకి, ఓవర్‌హెడ్ బిన్‌లోకి పోవాలి. ఫ్లైట్ నిండుగా ఉంటే అక్కడ ప్రయాణికుల సామానుతో పోటీ. 737 కాక్‌పిట్ ఇంకా ఇరుకు. అందుకని 55 సెంటీమీటర్లు, అంటే షాపు భాషలో 20 నుంచి 22 అంగుళాల సైజు దాటొద్దు. బయట జేబులు ఉబ్బితే వచ్చే మందాన్ని కూడా కలిపి కొలవండి.

ఏటీఆర్‌లో కథ వేరు. ప్రయాణికులు వెనక తలుపు నుంచి ఎక్కుతారు, ముందువైపు కాక్‌పిట్‌కీ క్యాబిన్‌కీ మధ్యలో సామాన్ల గది ఉంటుంది. మన ట్రాలీ సాధారణంగా అందులోకే, ప్రయాణికుల సూట్‌కేసుల మధ్యకి పోతుంది. మీద ఏం పడుతుందో మన చేతిలో లేదు. పైగా ఏటీఆర్ తిరిగే చిన్న స్టేషన్లలో ఏరోబ్రిడ్జి (టెర్మినల్ నుంచి విమానం తలుపు దాకా ఉండే దారి) ఉండదు, నడకంతా ఏప్రన్ మీదే. అక్కడ బ్యాగ్ అందం కన్నా గట్టిదనం ముఖ్యం.

కాక్‌పిట్‌లో పెట్టిన ఏ బ్యాగూ కదలకూడదు. టేకాఫ్‌లో ముక్కు పైకి లేచినప్పుడు వెనక్కి, బ్రేకులు వేసినప్పుడు ముందుకి జారే వస్తువు అక్కడ ఉండకూడదు. ఎ320లో అత్యవసరంగా బయటపడాల్సి వస్తే పక్క కిటికీలే దారి. ఆ దారికి అడ్డంగా కూడా ఏదీ ఉండకూడదు. వీటిలో దేనికీ మినహాయింపు లేదు.

చక్రాలు. బ్యాగుల్లో ముందు పోయేది చక్రమే, తర్వాత లాగే హ్యాండిల్, ఆ తర్వాత జిప్పు. చక్రాన్ని తిప్పి చూడండి. లోపల సీల్ చేసిన బేరింగ్ ఉంటే చప్పుడు లేకుండా చాలాసేపు తిరుగుతుంది. సన్నటి ప్లాస్టిక్ చక్రమైతే రెండు చుట్లు తిరిగి గరగరమంటూ ఆగిపోతుంది. స్కేటింగ్ షూ చక్రం లాంటి వెడల్పైన రబ్బరు చక్రం, సగం బ్యాగ్ లోపలికి దిగి ఉంటే ఎక్కువకాలం మన్నుతుంది.

విప్పి బాగుచేసుకునే వీలు. చక్రం, హ్యాండిల్ స్క్రూలతో బిగించారా, రివెట్లు కొట్టారా? స్క్రూలైతే మన ఊళ్లో బ్యాగులు కుట్టే ఏ షాపతనైనా పావుగంటలో మార్చేస్తాడు. రివెట్లయితే కోసి తీయాలి. వారంటీ మాట కూడా ఇక్కడే రావాలి. ఐదేళ్ల వారంటీ ఉన్నా, మరమ్మతుకి బ్యాగ్‌ని మూడు వారాలు సర్వీస్ సెంటర్లో వదలాలంటే అన్నాళ్లూ డ్యూటీకి ఏం పట్టుకెళ్తాం?

ఖాళీ బరువు. ట్రాలీని మనం లాగడమే కాదు, మోస్తాం కూడా. విమానం మెట్లు, వ్యాన్ డిక్కీ, ఓవర్‌హెడ్ బిన్, లిఫ్ట్ పాడైన హోటల్, అన్నిచోట్లా చేత్తో ఎత్తాల్సిందే. నడుము నొప్పితో మెడికల్‌లో (ఫిట్‌నెస్ పరీక్షలో) ఇబ్బంది పడిన పైలట్లు ఏ ఎయిర్‌లైన్‌లోనైనా కనిపిస్తారు. ఒక కిలో తేడాని చిన్నదనుకోవద్దు.

## నాలుగు రకాలు, పక్కపక్కన

| | లోహపు ఫ్రేమ్ క్రూ బ్యాగ్ | రెండు చక్రాల గుడ్డ ట్రాలీ | నాలుగు చక్రాల హార్డ్ ట్రాలీ | బ్యాక్‌ప్యాక్ |
|---|---|---|---|---|
| ఖాళీ బరువు (సుమారు) | 5 కిలోల దరిదాపు | 3 నుంచి 4 కిలోలు | 2.5 నుంచి 3.5 కిలోలు | 1 నుంచి 2 కిలోలు |
| గతుకుల నేల మీద | చాలా బాగుంటుంది | బాగుంటుంది | ఇబ్బంది | ఇబ్బంది లేదు, బరువంతా వీపు మీదే |
| వాలులో, కదిలే బస్సులో | నిలబెట్టిన చోట ఉంటుంది | ఉంటుంది | పట్టుకునే ఉండాలి | ఉంటుంది |
| చిన్న బ్యాగ్ తగిలించడానికి | కొక్కెం, పట్టీ దానితోనే వస్తాయి | కొన్నిటికే ఉంటాయి | హ్యాండిల్ మీద పెట్టుకోవచ్చు, జారుతుంది | కుదరదు |
| మరమ్మతు | విడిభాగాలు దొరుకుతాయి, తెప్పించుకోవాలి | స్థానికంగా అవుతుంది | చక్రాలు అవుతాయి, పెంకు పగిలితే కష్టం | జిప్పు, పట్టీలే, తేలిక |
| ధర | అన్నిటికన్నా ఎక్కువ | మధ్యస్థం | తక్కువ నుంచి ఎక్కువ దాకా | తక్కువ |

### లోహపు ఫ్రేమ్ క్రూ బ్యాగ్

లగేజ్‌వర్క్స్, స్ట్రాంగ్‌బ్యాగ్స్ లాంటి సంస్థలు విమాన సిబ్బందినే దృష్టిలో పెట్టుకుని చేసే బ్యాగులివి. గుడ్డ లోపల లోహపు చట్రం. ముందువైపు గట్టి పట్టీకి కొక్కెం, దానికి ఫ్లైట్ బ్యాగో భోజనం బ్యాగో వేలాడదీసుకుని ఒంటి చేత్తో లాగొచ్చు. చక్రాలు, హ్యాండిల్, ఆఖరికి మూలల్లో అరిగే ప్లాస్టిక్ తొడుగులు కూడా విడిగా అమ్ముతారు. అమెరికా ఎయిర్‌పోర్టుల్లో పదేళ్లుగా ఒకటే బ్యాగ్ లాగుతున్న కెప్టెన్లు కనిపిస్తారంటే కారణం ఇదే. ఒక్కొక్క భాగం మారుతూ బ్యాగ్ నిలబడిపోతుంది.

ఇబ్బందులు రెండు. ఒకటి బరువు. ఖాళీ బ్యాగే 5 కిలోలకు దగ్గరైతే, రోజుకు నాలుగు సెక్టార్లు (ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఒక్కో ఫ్లైట్) మెట్ల మీదుగా ఎక్కి దిగేవాళ్లకి ఆ భారం తెలుస్తుంది. రెండోది, ఇక్కడ షాపుల్లో దొరకడం కష్టం. ధరకి తోడు దిగుమతి సుంకం, రవాణా ఖర్చు. అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత తెప్పించుకోవడం మనవాళ్లు చేసే పని. అలా తెప్పించుకునేవాళ్లు ఒక జత చక్రాలు కూడా అప్పుడే తెప్పించుకోండి.

నెలకి చాలా రాత్రులు బయట గడిపేవాళ్లు, ఇంకా ఇరవై ఏళ్లు ఎగరబోయేవాళ్లు దీనికి డబ్బు పెట్టొచ్చు. ఉద్యోగం కొత్తది, టైప్ రేటింగ్ (ఫలానా రకం విమానం నడపడానికి తీసుకునే శిక్షణ) అప్పు ఇంకా తీరలేదు అనే స్థితిలో ఉన్నవాళ్లకి ఇప్పుడే అవసరం లేదు.

### రెండు చక్రాల గుడ్డ ట్రాలీ

నిలువుగా నిలబడి, పొడవాటి హ్యాండిల్‌తో వాల్చి లాగే ఈ ఆకారాన్ని తెచ్చింది ఒక పైలటే. 1970ల్లో బెర్నార్డ్ సాడో సూట్‌కేసుకి చక్రాలు పెట్టి పేటెంట్ తీసుకున్నాడు గానీ, అది అడ్డంగా ఉండి, పట్టీతో లాగితే ఊగుతూ వచ్చేది. నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ పైలట్ రాబర్ట్ ప్లాత్ 1987లో దాన్ని నిలువుగా తిప్పి, రెండు చక్రాలు, లోపలికి వెళ్లే హ్యాండిల్ పెట్టాడు. మొదట తోటి సిబ్బందికే అమ్మాడు. ఎయిర్‌పోర్టుల్లో వాళ్ల వెనక వస్తున్న బ్యాగ్ చూసి ప్రయాణికులు అడగడం మొదలైంది. అలా పుట్టిందే ట్రావెల్‌ప్రో. ఆ సంస్థ ఇప్పటికీ సిబ్బంది కోసం ఫ్లైట్‌క్రూ అనే వరసను విడిగా అమ్ముతోంది.

మన పనికి ఈ ఆకారమే ఎందుకు సరిపోతుందంటే, నిలబెట్టినప్పుడు ముందువైపు కాళ్ల మీద, వెనక చక్రాల మీద బరువు పంచుకుని కదలకుండా ఉంటుంది. ఏరోబ్రిడ్జి వాలులో వదిలేసి ఫోన్ తీసినా అక్కడే ఉంటుంది. క్రూ బస్సు మలుపు తిరిగినా దొర్లదు. సిమెంటు పలకల మధ్య సందులు, కేబుల్ మీద వేసిన రబ్బరు మూతలు, హోటల్ ముందు గులకరాళ్ల దారి, అన్నీ దాటిస్తుంది. గుడ్డ కాబట్టి బిన్‌లో కాస్త నొక్కినా ఒదుగుతుంది.

గుడ్డ విషయంలో బాలిస్టిక్ నైలాన్, అందులోనూ 1680 డెనియర్ అని రాసి ఉన్నది వెతకండి. తక్కువ ధరలో వచ్చే 600 డెనియర్ పాలిస్టర్ మూలల దగ్గర త్వరగా నూలు తేలుతుంది. రంగు నలుపే తీసుకోండి. యూనిఫాంతో కలుస్తుంది, గ్రీజు మరక కనపడదు. కానీ హోటల్ లాబీలో వరసగా ఎనిమిది నల్ల ట్రాలీలు నిలబడి ఉంటాయి కాబట్టి హ్యాండిల్‌కి రంగు తాడో, పేరున్న క్రూ ట్యాగో కట్టండి. మూడున్నరకి పికప్ అయినప్పుడు నిద్రకళ్లతో మీ బ్యాగ్ ఇంకొకరు తీసుకెళ్లకుండా అదే కాపాడుతుంది.

దీనికున్న లోపం, లాగుతున్నప్పుడు బరువులో కొంత మన భుజం మోయాల్సి రావడం. ఎప్పుడూ ఒకే చేత్తో లాగితే ఆ వైపు భుజం, నడుము పట్టేస్తాయి. చేతులు మారుస్తూ లాగడం అలవాటు చేసుకోవాలి.

### నాలుగు చక్రాల హార్డ్ ట్రాలీ

మన షాపుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. వీఐపీ, సఫారీ, అమెరికన్ టూరిస్టర్, శాంసొనైట్, అన్నిట్లోనూ దొరుకుతుంది. నున్నటి టెర్మినల్ నేల మీద దీనంత సుఖం ఇంకోటి లేదు. పక్కనే నిలబెట్టి వేలితో తోసుకుంటూ పోవచ్చు, భుజం మీద బరువు పడదు. భుజానికో మణికట్టుకో సమస్య ఉన్నవాళ్లు దీన్ని తోసిపుచ్చొద్దు. మెట్రో ఎయిర్‌పోర్టుల మధ్యే తిరుగుతూ, ఎప్పుడూ ఏరోబ్రిడ్జి దొరికేవాళ్లకి చాలావరకు బాగానే నడుస్తుంది.

ఏప్రన్ మీదకి వచ్చేసరికి ఇబ్బంది మొదలవుతుంది. చిన్న జంట చక్రాలు సందుల్లో ఇరుక్కుంటాయి. చివరికి వాల్చి రెండు చక్రాల మీదే లాగుతాం, ఆ పనికి అవి చేసినవి కావు. బస్సులో, వాలులో చెయ్యి తీయలేం. కాక్‌పిట్ వెనక నిలువుగా పెడితే కదులుతుంది కాబట్టి పడుకోబెట్టాలి, అప్పుడు జాగా ఎక్కువ పడుతుంది. ఇంకో చిక్కు: చాలా హార్డ్ ట్రాలీలు మధ్యకి పుస్తకంలా రెండుగా తెరుచుకుంటాయి, బయట జేబులుండవు. చిన్న హోటల్ గదిలో మంచం మీద తప్ప ఇంకెక్కడా తెరవలేం. ఒక్క ఛార్జర్ కోసం మొత్తం విప్పాలి.

అయినా ఇదే కావాలంటే ఏబీఎస్ వద్దు, పాలికార్బొనేటో పాలీప్రొపిలీనో తీసుకోండి. దెబ్బ తగిలినప్పుడు పాలికార్బొనేట్ వంగి మళ్లీ తన ఆకారానికి వస్తుంది, ఏబీఎస్ పగులుతుంది. లోపల బ్యాటరీ ఉన్న 'స్మార్ట్' ట్రాలీల జోలికి పోవద్దు. బ్యాటరీ ఊడదీయలేనిదైతే అసలు విమానంలోకే ఇబ్బంది.

### బ్యాక్‌ప్యాక్

ఒక్క రాత్రికి సరే. మూడు రాత్రులకి యూనిఫాం చొక్కాలు నలిగిపోతాయి, భుజం మీది స్ట్రైప్స్ (హోదా చూపే చారలు) మీద పట్టీలు రుద్దుకుంటాయి, ఎండాకాలంలో వీపంతా తడుస్తుంది. చాలా ఎయిర్‌లైన్స్ గ్రూమింగ్ నియమాలు యూనిఫాం మీద రెండు భుజాలకీ బ్యాగ్ తగిలించుకోవడాన్ని ఒప్పుకోవు. మీ కంపెనీ మాన్యువల్ చూసుకుని కొనండి.

## ఫ్లైట్ బ్యాగ్: ఎప్పుడూ చేతిలో ఉండాల్సింది

ట్రాలీ ఎక్కడైనా మన చేతిలోంచి పోవచ్చు. డెడ్‌హెడ్ చేస్తూ ప్రయాణికుడిగా వెళ్లేటప్పుడు బిన్ నిండిపోయి చెకిన్ చేయమంటారు, ఏటీఆర్‌లో సామాన్ల గదిలోకి పోతుంది, క్రూ వ్యాన్ మారినప్పుడు ఇంకో హోటల్‌కి చేరిపోతుంది. అందుకే ట్రాలీ కన్నా ఫ్లైట్ బ్యాగ్ ఎంపికకే ఎక్కువ ఆలోచించమంటాను. ట్రాలీ ఒక రాత్రి లేకపోయినా రేపటి ఫ్లైట్ నడపగలగాలి. ఈ ఒక్క పరీక్షకి నిలిచేలా చిన్న బ్యాగ్ సర్దుకోండి.

ఒకప్పుడు ఇందులో సగం జాగా చార్టులకే పోయేది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 2013లో కాగితాల బదులు ఐప్యాడ్‌లకి పూర్తిగా మారినప్పుడు ఒక్కో పైలట్ దగ్గర తగ్గిన ఫ్లైట్ బ్యాగ్ బరువు సుమారు 35 పౌండ్లు, అంటే 16 కిలోలు. ఇప్పుడు ఆ బరువు లేదు కాబట్టి పెద్ద పెట్టె ఆకారపు కేసులు కొనాల్సిన పనే లేదు. 12 నుంచి 15 లీటర్లు పట్టే, నిలువుగా తెరుచుకునే, సీటు పక్కన దిగే బ్యాగ్ చాలు.

అందులో ఉండాల్సినవి:

- లైసెన్స్, మెడికల్, రేడియో లైసెన్స్, కంపెనీ ఐడీ, ఎయిర్‌పోర్ట్ ఎంట్రీ పాస్. విదేశీ సెక్టార్ లేకపోయినా పాస్‌పోర్టు, ఎందుకంటే రోస్టర్ మారొచ్చు.
- ఐప్యాడ్, ఛార్జర్, పవర్ బ్యాంక్. 100 వాట్-అవర్ల లోపు పవర్ బ్యాంక్‌కి అనుమతి అవసరం లేదు. 20,000 ఎంఏహెచ్ ది సుమారు 74 వాట్-అవర్లు అవుతుంది. ఇది చెకిన్ సామానులో ఎప్పుడూ వేయకూడదు.
- హెడ్‌సెట్, గట్టి పెట్టెలో.
- మెడికల్‌లో కళ్లజోడు తప్పనిసరి అని రాసి ఉంటే రెండో జత. ఇది సౌకర్యం కోసం కాదు, నియమం.
- టార్చ్, రిఫ్లెక్టివ్ జాకెట్. రాత్రి వాక్‌అరౌండ్‌లో (విమానం చుట్టూ తిరిగి చేసే తనిఖీలో) చక్రాలు ముడుచుకునే గేర్ బావి లోపల లీక్ వెతకాలంటే ఫోన్ వెలుతురు చాలదు.
- ఒక చొక్కా, ఒక జత లోదుస్తులు, ఒక జత సాక్సులు, బ్రష్. చొక్కాను పలచటి ఫోల్డర్‌లో పెడితే ఐప్యాడ్ వెనక ఒదుగుతుంది.

ఐప్యాడ్ గురించి ఇంకో మాట. అది 35 డిగ్రీల దాకా పనిచేసేలా తయారైంది. మే నెల మధ్యాహ్నం గన్నవరంలోనో రేణిగుంటలోనో కాక్‌పిట్ కిటికీకి తగిలించి వదిలేస్తే వేడెక్కి తనంతట తానే ఆగిపోతుంది. కాబట్టి ఫ్లైట్ బ్యాగ్‌లో దాని అర బయటి గోడకి కాకుండా మధ్యలో ఉన్నదాన్ని ఎంచుకోండి. టర్న్ అరౌండ్‌లో (ఒక ఫ్లైట్‌కీ తర్వాతి ఫ్లైట్‌కీ మధ్య ఆగినప్పుడు) దాన్ని అందులో పెట్టి మూసేయండి.

## సర్దడం: రోస్టర్‌లో ఉన్నదానికి ఒక రాత్రి కలిపి

మూడు రాత్రుల ట్రిప్ అయితే నాలుగు రాత్రులకి సర్దుకోండి. డిసెంబరు, జనవరిల్లో ఢిల్లీ సెక్టార్లు ఉన్నవాళ్లకి దీని అవసరం బాగా తెలుసు. మంచు కమ్మి జైపూరుకో లక్నోకో డైవర్ట్ అయి, డ్యూటీ టైమ్ అయిపోయి, అనుకోని ఊళ్లో గది తీసుకున్న రాత్రి మర్నాటి చొక్కా బ్యాగ్‌లో ఉండాలి.

చొక్కాలు రోజుకొకటి, మీద ఒకటి అదనం. చేత్తో ఉతికి ఆరేసుకుందాం, రెండు చాలు అనేవాళ్లున్నారు. ముంబై వర్షాకాలంలో ఏసీ గదిలో రాత్రికి రాత్రి చొక్కా ఆరదు, కాలర్ తడిగానే ఉంటుంది. హోటల్ లాండ్రీ ఉదయం ఇస్తే సాయంత్రానికి తెస్తుంది, మన పికప్ మధ్యాహ్నమే కావచ్చు. చొక్కా బరువు పావు కిలో కూడా ఉండదు. ఇక్కడ పొదుపు వద్దు. లోదుస్తులు, సాక్సులు ఉతుక్కోవచ్చు, త్వరగా ఆరుతాయి.

మడత పద్ధతి చెబుతాను. ముందు స్ట్రైప్స్, నేమ్ బ్యాడ్జి, పెన్నులు తీసేయండి. అవి ఒక చిన్న గట్టి డబ్బాలో ఫ్లైట్ బ్యాగ్‌లోకి. పై గుండీ, మూడోది, చివరిది మాత్రమే పెట్టండి. చొక్కాని బోర్లా పరిచి, చేతులు వెనక్కి మడిచి, అడుగు నుంచి మూడో వంతుకి ఒక్క మడత. రెండో చొక్కా కాలర్ ఎదురు వైపు వచ్చేలా దాని మీద పెట్టండి. కాలర్ మీద కాలర్ పడకపోతే దొంతర సమంగా ఉంటుంది, కాలర్లు అణగవు. ప్యాంటుని మొదట బ్యాగ్ అడుగున పరిచి, కాళ్ల భాగం బయటికి వేలాడనిచ్చి, పైన మిగతావన్నీ సర్దాక ఆ కాళ్లను మీదకి మడవండి. మధ్యలో బట్టలు ఉండటంతో మోకాలి దగ్గర పదునైన మడత పడదు. టీషర్టులు, షార్ట్స్, వ్యాయామం బట్టలు చుట్టి పక్క సందుల్లో కుక్కండి. బరువైనవి చక్రాల వైపు ఉండాలి, లేకపోతే నిలబెట్టిన బ్యాగ్ ముందుకి తూలుతుంది.

బూట్లు కాళ్లకి ఒక జత, బ్యాగ్‌లో చెప్పులు. వ్యాయామం చేసేవాళ్లు మాత్రమే షూ పెట్టుకోండి, వాటిలోనే సాక్సులు దూర్చండి.

టాయిలెట్ సామాన్ల దగ్గర మన దేశంలో పనిచేసేవాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. 2023 చివర్లో డీజీసీఏ (మన దేశపు విమానయాన నియంత్రణ సంస్థ) సవరించిన నియమాల ప్రకారం ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్, టూత్ జెల్ లాంటివి సిబ్బంది వాడకూడదు. దగ్గు సిరప్పులు, హోమియో మందుల్లో ఆల్కహాల్ ఉండొచ్చు. ఏదైనా మందు వాడుతుంటే కంపెనీ డాక్టరుతో మాట్లాడాకే డ్యూటీకి రావాలి. బ్రెత్ అనలైజర్‌లో మొదటిసారి పట్టుబడితేనే లైసెన్స్ మూడు నెలలు సస్పెండ్. కాబట్టి హోటల్ బాత్‌రూమ్‌లో ఉచితంగా పెట్టిన మౌత్‌వాష్ సీసా ముట్టుకోకండి, లేబుల్ చదివి కొన్నదే మీ సంచీలో ఉంచండి. ఇంట్లో వాళ్లు ప్రేమతో పెట్టిచ్చే జలుబు మందులకీ ఇదే మాట.

ఇక తిండి. నాలుగు రోజులు హోటల్ తిండి, క్రూ మీల్ తింటే ఎవరికైనా కడుపు తిరగబడుతుంది. ట్రాలీ కొక్కేనికి తగిలించే చిన్న కూలర్ బ్యాగ్ మంచి పెట్టుబడి. మొదటి రోజుకి పులిహోర. చింతపండు వేసింది కాబట్టి సాయంత్రం దాకా పాడవదు. పెరుగన్నం మాత్రం ఎండాకాలంలో ఐస్ ప్యాక్ లేకుండా వద్దు. మిగతా రోజులకి కందిపొడి, కరివేపాకు పొడి, చిన్న సీసాలో నెయ్యి. హోటల్‌లో ఉత్తన్నం తెప్పించుకుంటే భోజనం అయిపోతుంది. పచ్చడి తెచ్చేవాళ్లు స్టీలు డబ్బాలో పెట్టి, దాన్ని జిప్ కవర్‌లో వేసి, ఆ కవర్‌ని కూలర్ బ్యాగ్‌లోనే ఉంచండి. తెల్ల చొక్కాలున్న ట్రాలీలోకి నూనె వస్తువు ఏదీ పోకూడదు. మీ విమానంలో ఒవెన్ ఉందో లేదో ముందే తెలుసుకోండి. చవక టికెట్ల ఎయిర్‌లైన్స్‌లో చాలాచోట్ల ఉండదు. ఉన్నా ప్లాస్టిక్ డబ్బా అందులో పెట్టకూడదు, ఫాయిల్ గిన్నెలోకి మార్చాలి.

## దూరదేశాలు వెళ్లేవాళ్లకి

777 మీద ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లే పైలట్‌కి పైన చెప్పిన లెక్కల్లో సగం మారిపోతాయి. రోజుకి నాలుగుసార్లు ఎక్కి దిగడం ఉండదు. ఒకే సెక్టార్, పదిహేను పదహారు గంటలు. తర్వాత రెండు మూడు రోజుల విశ్రాంతి. పెద్ద సూట్‌కేసు క్రూ ట్యాగ్‌తో హోల్డ్‌లోకి పోతుంది కాబట్టి అక్కడ నాలుగు చక్రాల హార్డ్ సూట్‌కేసు తప్పు కాదు. పైగా బెల్టు మీద దెబ్బలకి అదే నయం. చికాగో జనవరిలోకి దిగేవాళ్లకి కోటు, ఉన్ని టోపీ, చేతి తొడుగులు పట్టే జాగా కావాలి. అవే బట్టలు మర్నెల సింగపూర్ ట్రిప్‌లో బరువు చేటు.

అయితే విమానం లోపలికి పట్టుకెళ్లే చిన్న ట్రాలీ ఇక్కడ కూడా కావాలి. అందులో ఒక పూర్తి యూనిఫాం, విశ్రాంతి గదిలో వేసుకునే వదులు బట్టలు, కళ్లకి కట్టు, చెవులకి ప్లగ్గులు, పలచటి స్వెటర్. 777, 787లలో పైలట్ల పడకలు క్యాబిన్ కప్పు పైన ఉంటాయి. అక్కడ చలిగానూ పొడిగానూ ఉంటుంది. యూనిఫాంతోనే పడుకుంటే దిగేటప్పుడు వేసుకోవడానికి నలగని చొక్కా ఉండదు.

విదేశాలకి పొడులు, పచ్చళ్లు పట్టుకెళ్లేటప్పుడు క్రూకి ప్రత్యేక మినహాయింపు ఉంటుందనుకోవద్దు. ఆస్ట్రేలియాలో ప్రతి తినుబండారమూ రాసి చూపించాలి, అమెరికాలో మాంసం పదార్థాలు, తాజా పండ్లు ఆపేస్తారు. తిరిగొచ్చేటప్పుడు షాపింగ్ సంగతి కూడా అంతే. మన కస్టమ్స్ వాళ్లు విమాన సిబ్బందికి ఇచ్చే మినహాయింపు మామూలు ప్రయాణికుడికి ఇచ్చినంత ఉండదు. అందుకని ఖాళీ జాగా కోసం మరీ పెద్ద సూట్‌కేసు కొనడంలో అర్థం లేదు.

## ఎవరికి ఏది

ఏటీఆర్ మీద కొత్త ఫస్ట్ ఆఫీసర్: మధ్యస్థ ధరలో రెండు చక్రాల గుడ్డ ట్రాలీ, 20 అంగుళాలది. మీద వానకవరు తప్పనిసరి. మిగిలిన డబ్బు మంచి హెడ్‌సెట్ మీద పెట్టండి. చెవులు జీవితాంతం కావాలి, టర్బోప్రాప్ మోత తక్కువేం కాదు.

ఎ320, 737 మీద నెలంతా మూడు నాలుగు రోజుల ట్రిప్‌లు: ఫ్లైట్‌క్రూ తరహా ట్రాలీ, లేదా స్తోమత ఉంటే లోహపు ఫ్రేమ్ బ్యాగ్. నడుము సమస్య ఉంటే తేలికైనదే.

బేస్ ఒక ఊరు, ఇల్లు ఇంకో ఊరు: విశాఖలో కుటుంబం, ఢిల్లీ బేస్ అయినవాళ్లు బేస్‌లో ఒక షెల్ఫు సంపాదించండి, గదో స్నేహితుడి ఇల్లో. రెండు మూడు యూనిఫాంలు, చలి బట్టలు అక్కడే ఉంటే ట్రాలీ సగం ఖాళీ అవుతుంది. టాయిలెట్ సంచీ, ఛార్జరు రెండేసి కొనండి. ఒకటి బ్యాగ్‌లోంచి ఎప్పుడూ బయటికి రాకూడదు.

స్టాండ్‌బై ఎక్కువగా ఉన్నవాళ్లు: బ్యాగ్ ఎప్పుడూ సర్ది ఉంచాలి, కాబట్టి అరలు ఎక్కువున్న గుడ్డ ట్రాలీ మేలు. ఇంటికి రాగానే ఉతకాల్సినవి తీసి, అదే రోజు శుభ్రమైనవి పెట్టేయండి. ఫోన్ వచ్చాక సర్దడం మొదలుపెడితే ఏదో ఒకటి మరిచిపోతాం.

ఎత్తు తక్కువున్నవాళ్లు: మన దేశంలో మహిళా పైలట్ల వాటా ప్రపంచ సగటుకన్నా చాలా ఎక్కువ. ట్రాలీలు మాత్రం పొడుగాటి మనుషుల్ని ఊహించుకునే తయారవుతున్నాయి. హ్యాండిల్ రెండు మూడు ఎత్తుల్లో ఆగేదో కాదో చూసుకోండి. ఒకటే ఎత్తు ఉంటే లాగేటప్పుడు మోచెయ్యి పైకి లేచి భుజం నొప్పెడుతుంది. బిన్‌లోకి తల మీదుగా ఎత్తాలి కాబట్టి బ్యాగ్ అడుగున కూడా పట్టుకునే పిడి ఉండాలి.

అమెరికాలో రీజనల్స్‌లో ఉన్నవాళ్లు: ఎంబ్రాయర్ 175లో మామూలు 22 అంగుళాల ట్రాలీ బిన్‌లో పడుతుంది. సీఆర్‌జే 200లో పట్టదు, కిందికి ఇవ్వాల్సి వస్తుంది, అప్పుడది వానలోనో మంచులోనో ఏప్రన్ మీద నిలబడుతుంది. నీళ్లు దిగని జిప్పు, గుడ్డ చూసి తీసుకోండి.

## షాపులో చేయాల్సిన పని

ఆన్‌లైన్‌లో తక్కువకి దొరికినా ఒకసారి షాపుకి వెళ్లి చేత్తో పట్టుకుని చూడండి. మీ ఫ్లైట్ బ్యాగ్‌ని మామూలుగా ఉండే బరువుతో వెంట తీసుకెళ్లండి. ట్రాలీలో షాపువాళ్ల దగ్గరున్న బరువులో, నాలుగు నీళ్ల సీసాలో వేసి, ఫ్లైట్ బ్యాగ్ తగిలించి నిలబెట్టండి. ముందుకి తూలితే అది మీకు పనికిరాదు. హ్యాండిల్ పూర్తిగా లాగి పక్కలకి ఊపండి. కొద్దిగా ఆడటం మామూలే, టకటకమంటే వద్దు. జిప్పుని మూలల దగ్గర ఒంటి చేత్తో లాగండి. బయట ఫుట్‌పాత్ మీద ఒక చుట్టు తిప్పుతానని అడగండి, మంచి షాపువాడు కాదనడు. మెట్లుంటే ఒక అంతస్తు మోసుకెళ్లండి. చివరగా తలకిందులు చేసి చక్రాల దగ్గర స్క్రూలు ఉన్నాయో లేదో చూసి, అదే సైజు చక్రాలు విడిగా అమ్ముతారా అని అడిగి, అమ్మితే ఒక జత అప్పుడే కొనేయండి.